హెలికాప్టర్ లాండింగ్ గేర్ భాగాల ఆయుఃపరిమితి: లోహశ్రాంతి దృష్ట్యా ఒక వివరణ

1. ఉపోద్ఘాతం:

హెలికాప్టర్ నేలను తాకిన ప్రతిసారీ ఆ అదురును మొదట భరించేది లాండింగ్ గేర్. చిన్న హెలికాప్టర్లలో ఇది తరచుగా రెండు స్కిడ్‌లు, వాటిని కలిపే అడ్డుగొట్టాల రూపంలో ఉంటుంది. పెద్దవాటిలో సాధారణంగా చక్రాలు, షాక్ స్ట్రట్‌లు ఉంటాయి. వీటిలో కొన్ని భాగాలను, పైకి ఏ లోపమూ కనిపించకపోయినా, నిర్ణీత సంఖ్య పూర్తికాగానే తొలగించవలసిందే. ఇందుకు గల కారణాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. లోహశ్రాంతి - స్వరూపం:

ఒక్కసారి మోపితే సులభంగా తట్టుకొనే భారమే వేలసార్లు పునరావృతమైతే లోహాన్ని విరచగలదు. 19వ శతాబ్దంలో జర్మన్ ఇంజినీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై చేసిన ప్రయోగాలు దీనిని క్రమబద్ధంగా నిరూపించాయి. గీత, తుప్పుగుంట, బోల్టు రంధ్రపు అంచు వంటి చోట్ల ప్రతిబలం కేంద్రీకృతమై సూక్ష్మమైన పగులు పుడుతుంది. భారం పడిన కొద్దీ అది పెరుగుతుంది. మిగిలిన లోహం భారాన్ని మోయలేని దశలో భాగం హఠాత్తుగా విరుగుతుంది.

పరిభాష విషయంలో ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మనిషి శ్రాంతి విశ్రాంతితో తీరుతుంది. లోహశ్రాంతి అలా తీరేది కాదు. హెలికాప్టర్‌ను నెలలతరబడి హ్యాంగర్‌లో నిలిపినా పుట్టిన పగులు పూడదు. ‘అలసట’ అని అనువదించే పాఠ్యరచయిత ఈ భేదాన్ని స్పష్టం చేయాలి.

3. పరిమితి నిర్ణయం:

ఎంత ప్రతిబలాన్ని ఎన్ని ఆవృత్తులు తట్టుకోగలదో పరీక్షల ద్వారా తెలుసుకొని వక్రరేఖగా గీస్తారు. వాస్తవంలో భారాలన్నీ సమానంగా ఉండవు. కనుక ఒక్కొక్క రకం భారం వల్ల ఖర్చయిన ఆయుర్భాగాలను కూడుతారు. 1945లో మైనర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇదే. ఉదాహరణకు, ఒక భాగం సాధారణ అవతరణలను 20,000, బరువైన అవతరణలను 1,000 తట్టుకోగలదని ఊహిద్దాం. 10,000 సాధారణ అవతరణలతో సగం ఆయువు, 500 బరువైన అవతరణలతో మిగిలిన సగం తీరుతుంది. ఒకే లోహపు నమూనాలు సైతం వేర్వేరు ఆవృత్తుల వద్ద విరుగుతాయి కనుక, లెక్కకు వచ్చిన సంఖ్యను తగినంత తగ్గించి పరిమితిగా ప్రకటిస్తారు. అమెరికా విమానయాన నిబంధన 27.571, చిన్న హెలికాప్టర్లలో శ్రాంతి పరిశీలన జరపవలసిన నిర్మాణంలో లాండింగ్ గేర్‌ను కూడా పేర్కొన్నది.

4. లెక్కింపు - నమోదు:

శిక్షణకు వాడే హెలికాప్టర్ ఒక గంటలోనే అనేకసార్లు దిగవచ్చు. దూరప్రయాణానికి వాడేది ఒక్కసారే దిగవచ్చు. కనుక లాండింగ్ గేర్ విషయంలో ఎగిరిన గంటలకంటె అవతరణల సంఖ్యే సరైన కొలమానం. భాగాన్ని ఒక హెలికాప్టర్ నుండి మరొకదానికి మార్చినప్పుడు దాని లెక్క కూడా వెంట వెళ్లాలి. ఆ పత్రం పోతే, మెరుస్తున్న భాగంలో ఎంత ఆయువు మిగిలిందో చెప్పగల ఆధారం ఉండదు.

5. ముగింపు:

ఆయుఃపరిమితి భాగం విరిగే తేదీని సూచించదు. విరిగే అవకాశం ఆమోదయోగ్యం కాని స్థాయికి చేరకముందే దానిని తప్పించే హద్దును సూచిస్తుంది. పరిమితి దాటిన భాగాన్ని ‘బాగానే ఉంది కదా’ అని కొనసాగించడం, కంటికి కనిపించని పగులుపై ప్రయాణికుల ప్రాణాలను నిలపడమే అవుతుంది.