పరువు ఇతివృత్తంగా ఇటీవలి తెలుగు సినిమా: బీజం, నిర్వహణల పరిశీలన

వ్యాససంగ్రహం:
అంతరాలు దాటిన ప్రేమ, దానిని అడ్డుకునే కుటుంబపు పరువు ఇతివృత్తాలుగా ఇటీవల కొన్ని తెలుగు చిత్రాలు విశేష జనాదరణ పొందాయి. వీటన్నిటినీ ‘సామాజిక స్పృహ గల చిత్రాలు’గా ఒకే గాటన కట్టడం పరిపాటి అయింది. కథ దేని గురించి మొదలైందన్నదాన్ని బట్టి కాక, మొదట నాటిన సమస్య చివరకు ఏ ఫలమిచ్చిందన్నదాన్ని బట్టి చిత్రాన్ని అంచనా వేయాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఇందుకు ‘రంగస్థలం’, ‘ఉప్పెన’, ‘లవ్ స్టోరీ’, ‘కోర్ట్’ చిత్రాలను ఆకరాలుగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: ఇతివృత్తం, వస్తువు, బీజం, నిర్వహణ సంధి, పరువు, కులం, తెలుగు సినిమా.

1. ఉపోద్ఘాతం:
2018 మార్చి నెలాఖరున ‘రంగస్థలం’ విడుదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో ఒక దళిత యువకుడు, కులాంతర వివాహం చేసుకున్న కారణంగా, గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే హత్యకు గురయ్యాడు. ఆ కేసులో నల్లగొండ న్యాయస్థానం 2025 మార్చి 10న తీర్పు వెలువరించింది. నాలుగు రోజుల తర్వాత ‘కోర్ట్’ చిత్రం ప్రేక్షకుల ముందుకు వచ్చింది. ఈ తేదీల మధ్య కార్యకారణ సంబంధం లేదు. అయితే, ఈ ఏడేళ్ళ కాలంలో తెలుగు సమాజం పరువు హత్యల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, తెలుగు సినిమా కూడా అదే విషయాన్ని కథలుగా చెబుతూ వచ్చిందన్నది గమనార్హం. కాబట్టి ఆ కథలు సమస్యను ఎక్కడిదాకా తీసుకెళ్ళి విడిచాయో పరిశీలించవలసిన అవసరం ఉంది.

2. పరిశీలన పద్ధతి:
ఇతివృత్తాన్ని నాట్యానికి శరీరంగా భరతుడు భావించాడు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అనే ఐదు సంధులలో అది విస్తరిస్తుంది. ముఖసంధిలో నాటిన బీజం నిర్వహణ సంధిలో ఫలించాలి. ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ఆధికారికం, ప్రాసంగికం అని రెండు విధాలుగా విభజించాడు. ప్రధాన ఫలంతో ముడిపడిన కథ ఆధికారికం. దానికి తోడ్పడే ఉపకథ ప్రాసంగికం.

ఆధునిక విమర్శలో సంఘటనల కూర్పును ఇతివృత్తమనీ, ఆ కూర్పు ద్వారా వ్యక్తమయ్యే భావాన్ని వస్తువనీ వ్యవహరిస్తున్నాం. ఈ వ్యాసంలో ఆ అర్థాలనే గ్రహించడమైనది. ప్రతి చిత్రాన్నీ మూడు ప్రశ్నలతో పరిశీలించవచ్చు: కథలో కులం లేదా అంతస్తు ఆధికారికమా, ప్రాసంగికమా? హింసకు గురైనవారు ఎవరు, దాని గురించి మాట్లాడేవారు ఎవరు? నిర్వహణలో పరిష్కారమైనది మొదట నాటిన సమస్యేనా?

3. పూర్వచిత్రాల నిర్వహణ:
ఈ ఇతివృత్తం తెలుగు సినిమాకు కొత్తది కాదు. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో, చలం కథతో వచ్చిన ‘మాలపిల్ల’ (1938)లో బ్రాహ్మణ యువకుడు దళిత యువతిని ప్రేమిస్తాడు. కె. విశ్వనాథ్ ‘సప్తపది’ (1981)లో బ్రాహ్మణ యువతి మనసు హరిజన వేణువిద్వాంసుడిపై ఉంటుంది. రెండింటా పెద్దల హృదయపరివర్తనే నిర్వహణ. పరిష్కారం అగ్రవర్ణపు పెద్ద అనుగ్రహంగా రావడం ఈ చిత్రాల పరిమితి. అయినా మొదట నాటిన కులసమస్యకే చివరలో సమాధానం వెదికాయన్నది కాదనలేం. ఇటీవలి చిత్రాలలోని పెద్ద మనసు మార్చుకోడు, హింసకు పూనుకుంటాడు. ఇది వాస్తవానికి దగ్గరైన మార్పు. దీనివల్ల కథ ముగించవలసిన భారం మరొకరిపై పడింది.

4. ఇటీవలి చిత్రాలు:

4.1. రంగస్థలం (2018):
సుకుమార్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో ముఖసంధి నాటిన బీజం గ్రామదోపిడి. మూడు దశాబ్దాలుగా ప్రెసిడెంటు పదవిలో ఉన్న ఫణీంద్ర భూపతి పెత్తనం, సొసైటీ అప్పులు, వాటికి ఎదురునిలిచి పోటీ చేసిన కుమార్‌బాబు ఆధికారిక కథకు ఆధారాలు. కుమార్‌బాబు ప్రేమకథ ప్రాసంగికంగా సాగుతుంది. కానీ అతని హత్యకు అసలు కారణం ఆ ప్రేమేననీ, చంపించింది యువతి తండ్రి దక్షిణామూర్తేననీ చివర్లో తెలుస్తుంది. ప్రాసంగికం హఠాత్తుగా ఆధికారికమవుతుంది.

గౌరవనీయుడుగా కనిపించే నాయకుడిలోనే కులాహంకారం దాగి ఉందని చూపడం ఈ మలుపు బలం. ప్రమాదంలో స్పృహ కోల్పోయిన శత్రువు కోలుకునేదాకా చిట్టిబాబు సేవచేసి, ఆ తర్వాత చంపడం అసాధారణ కల్పన. అయితే కులం ఇక్కడ చర్చకు వచ్చే విషయంగా కాక, చివరిదాకా దాచిన రహస్యంగా ఉపయోగపడింది. ఫలం వ్యక్తిగత ప్రతీకారం. ప్రేమించిన యువతి వేదనకు కథలో చోటు స్వల్పం.

4.2. ఉప్పెన (2021):
బుచ్చిబాబు సానా తొలి చిత్రమిది. జాలరి కుటుంబపు ఆశి, సంపన్నుడైన రాయనం కూతురు బేబమ్మ ప్రేమికులు. కూతురు ఇల్లు విడిచిన సంగతి ఊరికి తెలియకుండా రాయనం దాచడంలో, పరువు అంటే నడవడిక కాదు, నలుగురి చూపు మాత్రమేనన్న సత్యం చక్కగా వ్యక్తమైంది. ఆశి పురుషాంగాన్ని ఛేదించడం ద్వారా అతడు శిక్షిస్తాడు.

నిర్వహణలో తండ్రిని మాటలతో ఎదుర్కొనేది బేబమ్మ. కథానాయకుడి పిడికిలి చేయవలసిన పనిని కథానాయిక మాట చేయడం జనాదరణ చిత్రాలలో అరుదు. కానీ ఆమె వాదమంతా మగతనానికి అర్థం చెప్పడంపైనే నిలిచింది. కులం, అంతస్తుల బీజం పురుషత్వ చర్చగా ఫలించింది. తండ్రి ఓడిపోయాడు, అతడి పరువు భావన వెనుకనున్న కులవ్యవస్థ ప్రశ్నకు దొరకకుండా మిగిలింది.

4.3. లవ్ స్టోరీ (2021):
శేఖర్ కమ్ముల చిత్రంలో కులం రహస్యం కాదు. ఆర్మూరు నుంచి హైదరాబాదు వచ్చి జుంబా కేంద్రం నడిపే దళిత యువకుడు రేవంత్ జీవితంలో అది మొదటినుంచీ ఉంది. మౌనిక బాల్యంలో సొంత బాబాయి నరసింహం చేతిలో లైంగిక హింసకు గురైంది. కులవివక్షనూ, ఇంటిలోపలి హింసనూ ఒకే కథలో చేర్చడం ఈ చిత్రపు సాహసం. ఇంటి పరువు కాపాడతాననే వ్యక్తే ఇంటి ఆడపిల్లపై అఘాయిత్యానికి పాల్పడటం పరువు భావనలోని కపటాన్ని బయటపెడుతుంది.

కానీ నిర్వహణలో ప్రేక్షకుడి ఆగ్రహానికి ప్రధాన కారణం నరసింహం లైంగిక నేరమే అవుతుంది. అతడు నేరస్థుడు కాక, కులాభిమానం గల మామూలు పెద్దమనిషి అయి ఉంటే కథ ఎలా ముగిసేదన్న ప్రశ్నకు చిత్రంలో తావు లేదు. మన చుట్టూ ఉన్న పెద్దలలో ఎక్కువమంది ఆ రెండో కోవకు చెందినవారే.

4.4. కోర్ట్ (2025):
రామ్ జగదీశ్ రూపొందించిన ఈ చిత్రం 2013 నాటి విశాఖపట్నం నేపథ్యంలో సాగుతుంది. పందొమ్మిదేళ్ళ చందు, పదిహేడేళ్ళ జాబిలి ప్రేమించుకుంటారు. అంతస్తు తక్కువ కుర్రవాడని భరించలేని మంగపతి, చందుపై పోక్సో చట్టం కింద కేసు పెట్టిస్తాడు. ఇక్కడ పరువు కత్తి పట్టదు. చట్టాన్ని ఆయుధం చేసుకుంటుంది. ప్రతీకారం బదులు సాక్ష్యం, వాదన నిర్వహణను నడిపించాయి. నాలుగు చిత్రాలలో బీజఫలాల పొందిక దీనిలోనే ఎక్కువ.

అయినా ఒక హెచ్చరిక అవసరం. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు లైంగిక నేరాలనుంచి రక్షణ కల్పించడానికి వచ్చింది. ‘లవ్ స్టోరీ’లోని మౌనిక బాల్యం వంటి బాల్యాలే ఆ చట్టానికి కారణం. ‘కోర్ట్’ను మాత్రమే చూసిన ప్రేక్షకుడికి అది అమాయకులను ఇరికించే చట్టంగా తోచవచ్చు. రెండు చిత్రాలను కలిపి చూసినప్పుడు, బాబాయి నేరాన్ని దాచేదీ, చందుపై నేరాన్ని మోపేదీ ఒకే కుటుంబాధికారమని బోధపడుతుంది.

5. ముగింపు:
పై పరిశీలనలో తేలిన అంశాలు:

1. పూర్వచిత్రాలలో హృదయపరివర్తన పొందిన పెద్ద, ఇటీవలి చిత్రాలలో హింసకు కర్తగా మారాడు. పరిష్కారం ప్రతీకారం, మాట, న్యాయస్థానం అనే వేర్వేరు మార్గాలు పట్టింది.

2. ‘రంగస్థలం’, ‘ఉప్పెన’, ‘లవ్ స్టోరీ’లలో కులం కథను కదిలించింది, కానీ నిర్వహణలో దాని స్థానాన్ని ప్రతీకారం, పురుషత్వం, లైంగిక నేరం ఆక్రమించాయి. ‘కోర్ట్’లో అంతస్తు ప్రధానమై, కులం నేపథ్యానికి తగ్గింది.

3. ప్రతినాయకుణ్ణి అసాధారణ దుర్మార్గుడిగా చిత్రించినకొద్దీ, ప్రేక్షకుడు తనలోని కులాభిమానాన్ని గుర్తించే అవకాశం తగ్గుతుంది.

ఈ నాలుగు చిత్రాలూ తెలుగు తెరపై పరువు గురించిన మౌనాన్ని ఛేదించాయనడంలో సందేహం లేదు. వాటి కృషిని తగ్గించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. ఇతివృత్తంలో కులం ఉన్నంతమాత్రాన వస్తువు కులవిమర్శ అయిపోదని, ఆ తీర్పు నిర్వహణ సంధిని చదివిన తర్వాతనే చెప్పదగినదని ఈ పరిశీలన నిరూపిస్తున్నది.