స్కాట్లండు కిల్టు, మన పంచెకట్టు

పురుషుడు లాగు తొడుగక నడుమునకు వస్త్రము చుట్టుకొనుట తెలుగువారికి క్రొత్త గాదు. అయినను స్కాట్లండు దేశపు కిల్టును చూచినంతనే మనవారు "ఇది పావడా గదా!" అని నవ్వుదురు. కల్వకుర్తిలో నొక పొట్టి చలనచిత్రమును చూపు సాయంకాలమున, మన పిల్లలు క్రొత్తగా చెలిమి కుదిరిన మిత్రులతో గూడి కిల్టులు ధరించి వచ్చిరనుకొందము. వారిని లోనికి రానీయవచ్చునా యని పెద్దలనే యడుగుదురు. తీర్పు చెప్పుటకు ముందు ఆ వస్త్రము కథ వినుట న్యాయము.

స్కాట్లండు ఉత్తరభాగము కొండసీమ. చలి, వాన మెండు. 16వ శతాబ్దమునాటికి అచ్చటి పురుషులు నిడుపాటి ఉన్నివస్త్రమునకు కుచ్చెళ్లు పోసి, నడుమున తోలుపట్టె బిగించి, మిగిలిన భాగమును భుజముపై వేసికొనెడివారు. రాత్రి అదియే దుప్పటి. మన పాలమూరు గొల్లకురుమలకు గొంగడి వానకు, చలికి, పడకకు ఉపకరించునట్టిదే యిదియును. 18వ శతాబ్ది ఆరంభమున పైభాగము తొలగి, నడుమునుండి మోకాలి వరకుండు చిన్న కిల్టు ఏర్పడినది.

దీనికి ఇంచుమించు 8 గజముల బట్ట పట్టును. మన పంచెకు కుచ్చెళ్లు ముందు, కిల్టునకు వెనుక. ముందుభాగము చదునుగా నుండును. పడుగులో రంగుదారములు ఏ వరుసన నుండునో పేకలోను ఆ వరుసనే నేయుటచే గళ్లు ఏర్పడును. ఆ గళ్లబట్టకు టార్టన్ అని పేరు. జేబులు లేనందున స్పోరన్ అను తోలుతిత్తి ముందు వ్రేలాడును. మనవారు రొంటిన దోపుకొను ఆకువక్కల సంచికి అది చుట్టమే.

ఈ వస్త్రమునకై జనులు కష్టములు పడిరి. 1745లో కొండసీమవారిలో పలువురు రాజుపై తిరుగబడి, 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధమున ఓడిరి. పిమ్మట ప్రభుత్వము సైనికులకు దక్క తక్కిన పురుషులకు ఆ వేషమును నిషేధించెను. మొదటి తప్పునకు ఆరు మాసముల చెర. రెండవ తప్పునకు ఏడేండ్లు సముద్రముల కావలికి పంపుట. ఆ శాసనము 1782లో రద్దయ్యెను. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరోకు వచ్చినప్పుడు తానే కిల్టు ధరించెను! నేడు అచ్చటివారు పెండ్లిండ్లకు దానిని గౌరవముతో ధరింతురు.

మన పంచెకును అవమానము తప్పలేదు. 2014 జూలైలో చెన్నైలోని ఒక సంఘమువారు పంచె కట్టిన ఉన్నతన్యాయస్థాన న్యాయమూర్తిని తమ సభాగృహములోనికి రానీయలేదు. ఆ యేడే తమిళనాడు శాసనసభ అట్టి అడ్డగింపును నిషేధించుచు చట్టము చేసెను. మన పంచెకు కోరు మర్యాదను పరుల వస్త్రమునకు నిరాకరించుట ధర్మమగునా?

ఆ దేశీయులతో చెలిమియు మనకు క్రొత్త కాదు. లూయిస్ దీవిలో పుట్టిన కాలిన్ మెకంజీ మన గ్రామముల కైఫీయతులను సేకరింపజేసెను. ఆ పనిలో ఆయనకు కుడిభుజమైనవాడు తెలుగువాడగు కావలి వెంకట బొర్రయ్య. వేషములు వేరైనను విద్య వారిని కలిపినది.

పొట్టి చిత్రమని చులకన చేయుటయు తగదు. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతమున జనులకు చూపినవి పొట్టి చిత్రములే.

కావున పెద్దలకు నా మనవి యిది. కిల్టు ధరించినవారు వచ్చినచో జంపఖానాపై కూర్చుండుమనక కుర్చీ వేయింపుడు. మోకాలి వరకే యుండు వస్త్రముతో నేలపై కూర్చుండుట యిబ్బంది. వారును కుచ్చెళ్లను చేతితో సరిచేసికొని, మోకాళ్లు చేర్చి కూర్చుండవలెను. వేసవిలో ఉన్ని బరువు గనుక నూలుబట్టతో కుట్టించుకొనుట మేలు. చిత్రము ముగిసిన పిమ్మట ఆ గళ్ల కథ వారి నడుగుడు. మన పంచె కట్టు విధము వారికి నేర్పుడు. మరుసటి ప్రదర్శనకు వారు పంచెలతో వచ్చినను రావచ్చును.