సిరా కన్నా ముందు గంజి

చేత్తో చేసిన కార్డు మీద అక్షరాల వెనక రంగు పరుచుకుని ఉంటుంది. ఒకచోట ముదురు, ఒకచోట లేత. మధ్యలో ఎవరూ గీయని సన్నని అంచులు. చూసినవాళ్లు ఆ సిరా ఎక్కడ దొరికిందని అడుగుతారు. నిజానికి అందులో సగానికి పైగా పని కాగితానిది. ఇంకా చెప్పాలంటే, కాగితానికి పట్టించిన గంజిది.

పెళ్లి పిలుపులు ఫోన్లలోకి వెళ్లాక అచ్చు శుభలేఖల అవసరం తగ్గింది. దగ్గరివాళ్లకి ఇచ్చే నాలుగు కార్డులైనా సొంతంగా చేసుకోవాలన్న ముచ్చట మాత్రం కొందరిలో మిగిలే ఉంది. ఇంకో మార్పు కూడా వచ్చింది. 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధించిన, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ఆహ్వాన పత్రికల చుట్టూ చుట్టే పలచని పొర కూడా ఉంది. అంటే కార్డు తొడుగు లేకుండానే చేతులు మారాలి. చెమటనీ కోస్తా తేమనీ తట్టుకోవాలి. రంగు కాగితాన్ని ఎలా పట్టుకుంటుందో తెలిస్తే అందంతో పాటు మన్నిక కూడా దక్కుతుంది.

ఈ సంగతి అర్థం చేసుకోవడానికి శ్రీకాకుళం జిల్లా పొందూరు మంచి చోటు. ఆ ఊరి పేరు కార్డులతో వచ్చింది కాదు, సన్న ఖద్దరుతో వచ్చింది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, శుభ్రం చేసి, ఏకులు చుట్టి వడికే ఊరది. అయితే మంచి చేతి కాగితానికి ముడిసరుకు కూడా పత్తి పేలికలే. గాంధీజీ 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని పెట్టినప్పుడు అది చేపట్టిన పనుల్లో చేతి కాగితం ఒకటి. ఖద్దరుకీ ఈ కాగితానికీ చుట్టరికం అలా పాతదే.

కాగితం అంటే నారల గజిబిజి అల్లిక. నారల మధ్య కంటికి కనపడని సందులుంటాయి. దీపం ఒత్తి నూనెని పైకి లాగినట్టే ఆ సందులు సిరాని లోపలికి లాగుతాయి. దీన్ని కేశనాళికా చర్య (సన్నని సందుల్లోకి ద్రవం తనంతట తానే పాకడం) అంటారు. అద్దుడు కాగితం మీద చుక్క వేస్తే మచ్చ అవుతుంది తప్ప బొమ్మ అవదు. అందుకే కాగితానికి సైజింగ్ (సందులు కొంత మూసే పూత) చేస్తారు. చేనేతలో పడుగుకి గంజి పట్టించడం కూడా ఇలాంటి పనే. అక్కడ గంజి నూలు మీది నూగుని అణచి, పోగు తెగకుండా కాస్తుంది. కాగితం మీద సిరాని కాసేపు పైనే నిలబెడుతుంది. ఆ కాసేపట్లోనే నేపథ్యం తయారవుతుంది.

పత్తి కాగితాన్ని పలచని బియ్యపు గంజితో ఒకసారి పూసి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత శుభ్రమైన నీళ్లతో తడిపి సిరా చుక్కలు వేయాలి. నీళ్లు మెరుస్తున్నప్పుడు వేస్తే రంగు ఈదుకుంటూ పోతుంది. మెరుపు పోయి చెమ్మ మాత్రమే మిగిలినప్పుడు వేస్తే అంచు మెత్తగా ఉంటుంది. ఆరాక వేస్తే అంచు గీత గీసినట్టు వస్తుంది. ఎండిన మచ్చకి అంచే ఎందుకు ముదురుగా ఉంటుంది? అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి మధ్యనుంచి నీరు బయటికి పారుతుంది, రంగు రేణువుల్ని కూడా తోసుకుపోతుంది. కాఫీ మరకల మీద షికాగో విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు 1997లో ఈ కారణాన్ని వివరించారు.

చెమ్మ మీద కల్లుప్పు చల్లితే ఇంకో వింత జరుగుతుంది. ఉప్పు తన చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది. నీటి వెంట రంగూ కదిలి నక్షత్రాల్లాంటి మచ్చలు పడతాయి. ఇదే జిల్లాలో నౌపడా ఉప్పు మడులున్నాయి, సరుకు కోసం దూరం పోనక్కర్లేదు. మెత్తటి ఉప్పుతో మాత్రం ఇంత స్పష్టంగా రాదు.

ఇక సిరాల సంగతి. మామూలు పెన్ను సిరాలో రంగు నీటిలో కరిగి ఉంటుంది. అందుకే తడి కాగితం మీద నల్ల సిరా నీలంగా, ఎర్రగా విడిపోతుంది. చూడముచ్చటగా ఉంటుంది కానీ ఎండకి వెలుస్తుంది, తడి తగిలితే మళ్లీ కదులుతుంది. మసితో చేసిన సిరాలో నలుపు కరగదు, రేణువులుగా ఉంటుంది. అది వెలవదు.

మన శుభలేఖలకి అన్నిటికన్నా పరిచయమైన రంగు నాలుగు మూలలా అద్దే పసుపు. దాని రంగు కర్కుమిన్ (పసుపుకొమ్ములోని పచ్చని పదార్థం) వల్ల వస్తుంది. అది నీటిలో సరిగా కరగదు, స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. పసుపు పూసిన కాగితం మీద సున్నపు తేటతో గీస్తే గీత ఎర్రబడుతుంది. పారాణి ఎరుపు ఇదే. అయితే సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని క్షారగుణం కోల్పోతుంది. ఎరుపు మెల్లగా తగ్గిపోతుంది. ఎండ తగిలితే పసుపూ పోతుంది. పెళ్లినాటి వరకూ నిలిస్తే చాలనుకునే కార్డుకి ఇది సరిపోతుంది, దాచుకునే కార్డుకి పనికిరాదు.

దాచుకునేదానికి శ్రీకాళహస్తి కలంకారీవాళ్ల దారి చూడాలి. తుప్పు పట్టిన ఇనుమునీ బెల్లాన్నీ నీళ్లలో వారాలపాటు పులియబెట్టి కసిమి (ఇనుము కరిగిన పులుపు ద్రవం) తయారుచేస్తారు. బట్టని ముందే కరక్కాయ కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్ (వగరునిచ్చే పదార్థం) ఇనుముతో కలిసి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. కాగితం మీద గంజి చేసే పని అక్కడ పాలు చేస్తున్నాయన్నమాట. కార్డుకైతే కరక్కాయ కషాయం పలచగా పూసి, ఆరాక బాగా నీళ్లు కలిపిన కసిమిని చిలకరిస్తే చాలు, బూడిద రంగు నుంచి నలుపు దాకా ఛాయలు వస్తాయి. చిక్కగా వేయకూడదు. ఇనుమూ ఆమ్లమూ ఎక్కువైతే నారలు తెగుతాయి. ఇలాంటి ఇనుప సిరాతో రాసిన ఐరోపా పాత పత్రాలు కొన్నిట్లో అక్షరాలున్న చోటే కాగితం రాలిపోయింది.

నీటి మీద రంగు తేల్చి కాగితానికి ఎక్కించే అబ్రీ పద్ధతి దక్కనులోనూ సాగింది. 17వ శతాబ్దపు బీజాపూర్ చిత్రకారులు దానితో ఏకంగా మనుషుల్నీ గుర్రాల్నీ చేశారు. నీటిని చిక్కబరచడానికి మెంతుల జిగురు వాడే పద్ధతి ఉంది. అది నేర్పు కావలసిన పని, మొదటి కార్డుకి పెట్టుకోవద్దు.

గంజితో ఒక చిక్కుంది. పిండి పదార్థం కాబట్టి పురుగులూ బొద్దింకలూ కొరుకుతాయి. పుస్తకాలు కుట్టేవాళ్లు దీనికోసం జిగురులో కొంచెం మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలు పట్టుకునే కార్డులో వద్దు. గంజిని పలచగా పట్టించి, కార్డుని నీడలో పూర్తిగా ఆరబెట్టి, బరువు కింద ఒక రాత్రి ఉంచితే చాలు.