మెదక్‌లో క్రిస్మస్ జాతర

సంక్రాంతి దాటితే సిరికొండ, ఆర్మూర్ వైపు రైతులకు ఊపిరి సలపదు. పసుపు తవ్వాలి, కొమ్ములు ఉడకబెట్టాలి, కల్లంలో ఎండబోయాలి, నిజామాబాద్ మార్కెట్‌కు తోలాలి. డిసెంబరు ఆఖరులో మాత్రం పంట ఇంకా భూమిలోనే ఉంటుంది. 25, 26 తేదీల్లో బడులకు సెలవు. ఎక్కడికైనా తీసుకుపొమ్మని పిల్లలు ఇంట్లో కూర్చోనివ్వరు. అలాంటప్పుడు ఇక్కడి నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగల చోటు మెదక్ చర్చి.

క్రిస్మస్‌ను చూపించడానికే కట్టిన పార్కులు ప్రపంచంలో ఉన్నాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఒక ఊరి పేరే శాంతాక్లాజ్. ఆ పేరు విని వచ్చిన పిల్లలు అక్కడ క్రిస్మస్ తాత కనిపించక చిన్నబోతున్నారని లూయీ కాక్ అనే వ్యాపారి 1946లో శాంతాక్లాజ్ ల్యాండ్ తెరిచాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్‌ఫేస్ కొండ మీద 1949లో శాంతాస్ వర్క్‌షాప్ వచ్చింది. అందులో చిన్న చిన్న చెక్క ఇళ్లు, రెయిన్‌డీర్లు, మండు వేసవిలోనూ మంచు గట్టిగా పట్టి ఉండే ‘ఉత్తర ధ్రువం’ స్తంభం. టికెట్టు కొని గేటు దాటితే చాలు, ఎండాకాలంలోనూ క్రిస్మసే.

మెదక్ సంగతి వేరు. ఇక్కడ కట్టింది ప్రార్థన కోసం. జాతర దాని చుట్టూ తనంతట తానే చేరింది.

ఈ కట్టడం పునాదిలో ఉన్నది కరువు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున మెదక్‌లో ఉండిన చార్లెస్ వాకర్ పోస్నెట్, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిండి లేక అల్లాడుతున్న జనానికి ఊరికే అన్నం పెట్టడం కన్నా పనిచ్చి పెట్టడం మేలనుకున్నాడు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. రాళ్లు మోసినవాళ్లు, సున్నం కలిపినవాళ్లు చుట్టుపక్కల పల్లెల జనమే. 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. రెండు వందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, 175 అడుగుల ఎత్తు గోపురం. లోపల ఐదు వేల మంది పడతారని చెబుతారు. వాటికన్ తర్వాత అంతటిది ఇదేనన్న మాట కూడా మెదక్‌లో గట్టిగానే వినిపిస్తుంది. ఆ పోటీ లేకపోయినా చర్చి గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు.

నిజామాబాద్ వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఆ మిషన్ చేసిన మరో పని దారిలోనే తగులుతుంది. డిచ్‌పల్లిలోని విక్టోరియా కుష్ఠు ఆసుపత్రిని స్కాట్లాండ్ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కలిసి నిలబెట్టారు. దానికి పెద్ద మొత్తంలో విరాళమిచ్చింది నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్. మెదక్ వెళ్లే బండ్లు ఇక్కడ ఆగవు గానీ, పిల్లలకు ఈ ముక్క చెప్పదగ్గదే. డిచ్‌పల్లి దాటాక జాతీయ రహదారి మీద కామారెడ్డి, రామాయంపేట. అక్కడ పడమటికి తిరిగితే మెదక్. 2022లో అక్కన్నపేట నుంచి మెదక్ దాకా రైలు కూడా వచ్చింది.

చర్చిలో అందరూ తలెత్తి చూసేది రంగుటద్దాల కిటికీలను. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రూపకల్పన చేసిన కిటికీలు మూడున్నాయి. వాటిని పెట్టిన వరుస చిత్రంగా ఉంటుంది. ఉత్తరాన ఆరోహణం 1927లో వస్తే, పడమట క్రీస్తు జననం 1947లో, తూర్పున సిలువ 1958లో వచ్చాయి. అంటే క్రీస్తు ముందు పరలోకానికి వెళ్లి, ఇరవై ఏళ్లకు పుట్టాడన్నమాట! బయటి వెలుతురు పడితేనే ఈ బొమ్మలు బతుకుతాయి. పొద్దుగూకితే అక్కడ మిగిలేది నల్లటి అద్దమే. అందుకే సాయంత్రం లైట్ల అలంకరణ చూస్తే సరిపోతుందని ఆలస్యంగా బయలుదేరేవాళ్లు అసలుదాన్ని పోగొట్టుకుంటారు. సిలువ బొమ్మకు పొద్దుటి ఎండ కావాలి. పండుగకు మూలమైన జననం బొమ్మ చూడాలంటే మధ్యాహ్నం దాటేదాకా ఆగాలి. ఈలోగా చెట్ల కింద సద్దిమూట విప్పుకోవచ్చు.

పండుగనాడు తెల్లవారుజామునే ఆరాధన మొదలవుతుంది. తర్వాత రోజంతా జనమే. కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు, తలమీద చెయ్యి పెట్టించుకుని దీవెన తీసుకోవడానికి పాస్టర్ల ముందు వరుస కట్టేవాళ్లు, పశువుల పాకలో బాలయేసు బొమ్మ దగ్గర పిల్లల్ని నిలబెట్టి ఫోటోలు తీసేవాళ్లు. వీళ్లలో బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు, బురఖాల్లో వచ్చినవాళ్లు తక్కువేం కాదు. వాళ్లను ఎవరూ వింతగా చూడరు. మొక్కు ఎక్కడ తీరుతుందనిపిస్తే అక్కడికి నడవడం తెలంగాణ పల్లెకు కొత్త కాదు. దర్గా దగ్గర, కొమురవెల్లి మల్లన్న దగ్గర కూడా ఇదే తీరు. గేటు బయట బొమ్మల కొట్లు, మిర్చి బజ్జీల బండ్లు, గాజుల దుకాణాలు.

2024లో చర్చికి నూరేళ్లు నిండాయి. ఆ క్రిస్మస్‌కు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా వచ్చారు. పేరు ఎంత పెరిగితే 25వ తేదీ రద్దీ అంత పెరుగుతుంది. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇంటివాళ్లకు మర్నాడే నయం. ఆ రోజూ సెలవే, లోపల కాస్త నిలబడి పైకప్పు చూసే వీలుంటుంది.

రోజు ఇంకా మిగిలి ఉంటే, సొంత బండిలో వచ్చినవాళ్లు నేరుగా ఇంటిదారి పట్టకుండా ఏడుపాయలకు తిప్పుతారు. మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గమ్మ గుడి ఉంది. మధ్యాహ్నం చర్చిలో కొవ్వొత్తి వెలిగించినవాళ్లే సాయంత్రం అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, చీకటి పడ్డాక రామాయంపేట మీదుగా ఊరి దారి పడతారు.