మద్దెల నిజంగానే ఓడైతే?

'ఆడలేక మద్దెల ఓడు' అని మనకొక సామెత వుంది. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి గనుక ఈ సామెతను నేను ఎందరి మీద ఎన్నిసార్లు విసిరానో లెక్కలేదు. పరీక్ష పోగొట్టుకొని ప్రశ్నపత్రాన్ని తిట్టిన కుర్రవాడి మీద విసిరాను. పద్యం నోటికి రాక గొంతు పట్టిందన్నవాడి మీద విసిరాను. ఇంతమంది మీద విసిరినవాణ్ణి, ఒక్కనాడైనా ఆ మద్దెలను దగ్గరకు తీసుకొని, అది నిజంగా ఓడో కాదో తట్టి చూసిన పాపాన పోలేదు. పోయిన దసరా సెలవుల్లో తట్టి చూడవలసి వచ్చింది. ఆ కథే ఇది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చదరంగమంటే ప్రాణం. ఈ రోజుల్లో చదరంగానికి ఎదురుగా మనిషి కూర్చోనక్కరలేదు. మనం రాజమహేంద్రవరంలో, అవతలివారు రాజస్థానంలో, బల్ల మాత్రం ఫోనులో. వానకాలంలో ఒక ఆదివారం నాడు బడిపిల్లలకు అలాంటి ఆన్‌లైన్ పోటీ ఒకటి జరిగింది. సాయంకాలం నాలుగింటికి మా అమ్మాయి వెనకగదిలో తలుపు చేరవేసుకొని కూర్చుంది. నాలుగున్నర దాటాక లోపలినుంచి ఏడుపు వినిపించింది.

"గుర్రం ఎక్కువుంది నాన్నగారూ! ఇంక నాలుగెత్తుల్లో కట్టేసేదాన్ని. ఉన్నట్టుండి బొమ్మ బిగుసుకుపోయింది. ఎత్తు వేస్తే కదలదు. గడియారం మాత్రం నడిచిపోయింది. టైము అయిపోయిందని ఓడించేశారు" అంది.

నా నోటి దగ్గర సామెత సిద్ధంగా వుంది. అనేశాను.

అది మారు మాట్లాడలేదు. మర్నాడు చూస్తే చదరంగం బల్ల పాతగుడ్డలో చుట్టి అటక మీదికి ఎక్కించేసింది. ఫోనులో ఆట కూడా తీసేసింది. నెల గడిచినా ఆ వూసు లేదు. "ఓడిపోయినందుకు కాదండీ, మీరు నమ్మనందుకు" అంది మా ఇంటావిడ. నేను వినిపించుకోనట్టు నటించాను.

దసరాకు మా మేనల్లుడు వచ్చాడు. సొంతవూరు అమలాపురం దగ్గర, కాకినాడలో ఇంజనీరింగు చదువు. ఆన్‌లైన్ ఆటల్లో ఆరితేరినవాడు. డబ్బు పెట్టే ఆటలు కావు లెండి. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. వీడివి తుపాకులు పట్టుకొని పరుగెత్తే ఆటలు. భోజనాల దగ్గర అటక మీది బల్ల సంగతి వచ్చింది. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆ మాట 2020లో మన దేశం జట్టును కూడా అనాల్సిందండి మావయ్యా!" అన్నాడు.

ఆ సంగతి పాఠకులకు కూడా చెప్పదగినదే. కరోనా రోజుల్లో చదరంగం ఒలింపియాడును ప్రపంచ చదరంగ సమాఖ్య ఆన్‌లైన్‌లో జరిపింది. మన జట్టులో విశ్వనాథన్ ఆనంద్‌తోపాటు మన తెలుగువారు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ కూడా వున్నారు. క్వార్టర్ ఫైనల్లో అర్మేనియా ఎదురైంది. ఆ దేశపు ఆటగాడు హైక్ మార్తిరోస్యాన్‌కు మన నిహాల్ సరీన్‌తో ఆడుతుండగా కనెక్షన్ తెగి ఆట పోయింది. అర్మేనియావారు ఫిర్యాదు చేశారు, అది చెల్లలేదు, కోపించి పోటీనుంచే తప్పుకొన్నారు. మనవాళ్లు ముందుకు వెళ్లారు. సెమీఫైనల్లో పోలండు మీద చివరి నిర్ణాయక ఆటను హంపి నెగ్గింది. ఆగస్టు 30న రష్యాతో ఫైనల్. మొదటి విడత 3-3. రెండో విడతలో, విధి చూడండి, ఆ నిహాల్ సరీన్‌కే, దివ్యా దేశ్‌ముఖ్‌కూ కనెక్షన్ పోయింది. గడియారాలు నడిచిపోయాయి. ముందు రష్యా గెలిచిందన్నారు. మనవాళ్లు అప్పీలు చేశారు. ఆ రోజు ప్రపంచంలో చాలాచోట్ల ఇంటర్నెట్టు దెబ్బతిన్నది. చివరకు సమాఖ్య రెండు దేశాలకూ స్వర్ణం ప్రకటించింది.

"ఒకే మద్దెల మావయ్యా! ఒకరోజు వాళ్ల చేతిలో ఓడు, రెండురోజులకు మన చేతిలో ఓడు" అన్నాడు వాడు.

నాకు ముద్ద దిగలేదు. నిహాల్‌కు న్యాయం అడగడానికి దేశం వుంది. మా అమ్మాయికి నేనే గదా వున్నది!

భోజనాలయ్యాక, "అసలు ఈ జబ్బేమిటో చెప్పరా అబ్బాయీ" అన్నాను. వాడు ఇంగ్లీషు మాటల్లో చెప్పాడు. నేను వాటిని కాలవల భాషలోకి మార్చుకొంటేగాని అర్థం కాలేదు. మన డెల్టావాళ్లకు ఆ భాషలో చెబితే ఇట్టే తెలుస్తుంది.

మనం వేసిన ఎత్తు ఒక చిన్న పొట్లమై ఎక్కడో దూరాన వున్న సర్వరు అనే యంత్రానికి వెళ్లాలి. అక్కడినుంచి 'అందింది' అని తిరుగు కబురు రావాలి. ఈ రానూపోనూ పట్టే కాలాన్ని పింగ్ అంటారు. 1983లో మైక్ మ్యూస్ అనే అమెరికా ఆయన ఈ పరీక్షకోసం చిన్న ప్రోగ్రాము వ్రాసి, జలాంతర్గాముల వాళ్లు నీళ్లలోకి పంపే శబ్దం పేరు దానికి పెట్టాడు. కొలత మిల్లీసెకండు, అంటే సెకండులో వెయ్యోవంతు. తిరుగు కబురు ఆలస్యమైతే ఆట ఈడ్చుకుపోతుంది. పిల్లలు ల్యాగ్ అనేది దీన్నే.

గాజుతీగలో వెలుతురు సెకండుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పరుగెత్తుతుంది. అంటే మిల్లీసెకండుకు 200 కిలోమీటర్లు. మన వూరినుంచి బొంబాయికి గీత గీసినట్టు చూసినా ఇంచుమించు 1,000 కిలోమీటర్లు. పోవడానికి 5, రావడానికి 5 మిల్లీసెకండ్లు. తీగ వంకరలు, దారిలో మజిలీలు కలిపి ఆ పదే 25, 30 అవుతుంది. ఆట సర్వరు సింగపూరులో వుంటే ఇంకా పెరుగుతుంది. పూర్వం కాకినాడనుంచి కాలవల వెంట మద్రాసుదాకా పడవలు నడిచిన రోజుల్లో ఆ ప్రయాణానికి రోజులు పట్టేది. దానితో పోలిస్తే ఇది రెప్పపాటులో పిసరు. పింగ్ 50 లోపు వుంటే ఏ ఆటకైనా దివ్యంగా వుంటుందట. 100 దాటితే తుపాకుల ఆటలో తంటా. మన తెరమీద శత్రువు ఇంకా ఎదురుగా నిలబడే వుంటాడు. సర్వరు లెక్కలో అప్పటికే వాడు చెట్టు చాటుకు వెళ్లి మనల్ని కాల్చేసి వుంటాడు. చదరంగం కొంత ఓర్చుకుంటుంది. కాని గడియారంలో సెకండ్లే మిగిలినప్పుడు, లేదా కబురు బొత్తిగా తెగినప్పుడు దానికీ ప్రాణసంకటమే.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. ఆట ఆగిందని అమ్మాయి అంతకుముందు సణిగినప్పుడు కనెక్షన్‌ను 100 ఎంబీనుంచి 300 ఎంబీకి పెంచి, నెలనెలా ఎక్కువ డబ్బు కడుతున్నాను. వాడు తల పట్టుకొన్నాడు. "కాలవ వెడల్పు చేయించారండి. పడవ వేగం పెరుగుతుందా?" నిజమే. ధవళేశ్వరం దిగువ కాలవను రెట్టింపు వెడల్పు చేసినా, అందులో ఒంటరిగా పోయే పడవ ముందు వెళ్లినట్టే వెళుతుంది. సినిమాలు చూడటానికి వెడల్పు కావాలి. ఆటకు కావలసింది వేగం, దానికిమించి నిలకడ.

అప్పుడు వాడు మద్దెల తట్టడం మొదలుపెట్టాడు. పద్ధతి మెచ్చుకోదగ్గది. మొదట ఫోనునుంచి ఇంట్లోవున్న రౌటరు పెట్టెకే పింగ్ కొట్టి చూశాడు. అక్కడే అంకెలు ఎగిరిపడితే రోగం ఇంట్లో వుంది. అక్కడ నిలకడగా వుండి, బయట పెద్ద సర్వర్లకు కొట్టినప్పుడు ఎగిరితే రోగం వీధితీగలోనో, కనెక్షన్ ఇచ్చినవారి దగ్గరో వుంది. రెండూ బాగుండి ఒక్క ఆట మాత్రమే నత్తనడక నడిస్తే ఆ ఆటవారి సర్వరుదే లోపం. మనం చేయగలిగింది లేదు. కాలవలో నీళ్లు రాకపోతే లస్కరు కూడా ఇంతే గదా, చేనునుంచి లాకుదాకా నడుచుకుంటూ పోతాడు.

హాల్లో పింగ్ 3, 4 మిల్లీసెకండ్లు. వెనకగదికి వెళ్లగానే 5, 180, 6, 400! సగటు చూస్తే సరిపోదు, ఈ గెంతులే ఆటను చంపేవి అన్నాడు. రౌటరు హాల్లో ఇనప బీరువా వెనకాల వుంది. అందం చెడుతుందని నేనే పెట్టించాను. దానికీ వెనకగదికీ నడుమ రెండు గోడలు, వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి. పాత రకం వైఫైదీ, ఆ పొయ్యిదీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే బాట. పొయ్యి వెలిగితే వైఫై తడబడుతుంది. మొత్తానికి మా వెనకగది శివారు ఆయకట్టు అన్నమాట! పెట్టెను బీరువా వెనకనుంచి తీసి నడవాలో ఎత్తున పెట్టాము. దగ్గరగా వుంటే 5 గిగాహెర్ట్జ్ బాట మేలట. గోడలు దాటడంలో మాత్రం అది పాతదానికన్నా బలహీనం. అన్నిటికన్నా మేలు, పెట్టెనుంచి కంప్యూటరుకు తిన్నగా తీగ కలపడం. అంగడికి వెళ్లి కేబులు కొన్నాము.

వీధితీగకు కూడా ఒక జబ్బు బయటపడింది. గాలి వీచినప్పుడల్లా పంపిన పొట్లాల్లో కొన్ని చేరడమే లేదు. కాలవకు గండి పడ్డట్టు. వాడు నాలుగు రోజులపాటు ఏ వేళకు ఎన్ని పోయాయో కాగితం మీద వ్రాయించి, కనెక్షన్ వారికి పంపించాడు. 'నెట్టు స్లో' అని అరిస్తే పట్టించుకోనివారు, వేళలతో వ్రాసి ఇచ్చేసరికి మనిషిని పంపారు. మామిడికొమ్మ రాసుకొని తీగ ఒకచోట నొక్కుకుపోయిందట. మార్చి వెళ్లాడు.

ఇక మూడోది. ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగానే వుంది.

"ఇప్పుడు ఎవరైనా ఒక పెద్ద ఫైలు బయటకు పంపండి, చూద్దాం" అన్నాడు వాడు. నా ఫోనులో వున్న పాత ప్రసంగం వీడియో పంపడం మొదలుపెట్టాను. అప్పటిదాకా 28 చూపిస్తున్న పింగ్ 300 అయింది, 700 అయింది. లాకు ముందు వడ్ల పడవలు బారులు తీరితే వెనకవచ్చిన ఉత్తరాల పడవ ఎలా ఆగిపోతుందో, అచ్చం అలాగే. పొట్లం చిన్నదే, కాని వరసలో నిలబడాలి. ఇంట్లో ఒకరు వీడియో పంపుతున్నా, ఫోను తనంతట తాను ఫొటోలు దాచుకుంటున్నా ఇదే గతి.

"ఆ పోటీనాడు ఎవరైనా ఇలాంటిదేమైనా పంపారా మావయ్యా?"

నేను మాట్లాడలేదు. మా ఇంటావిడ నావంక చూసింది. ఫోను తీసి వెనక్కి జరిపి చూశాను. ఆ ఆదివారం, సాయంకాలం 4 గంటల 10 నిమిషాలకు మొదలై 5 దాటాక పూర్తయిన వీడియో ఒకటి వుంది. అది నేనిచ్చిన గంట ప్రసంగం. విషయం: నన్నయగారి సభాపర్వంలో మాయాద్యూతం. పాచికల్లో మోసం వుంటే ఓడినవాణ్ణి ఓడినట్టు లెక్కించడం న్యాయమేనా అని అందులో ఆవేశంగా అడిగాను. పక్కగదిలో, అదే నిమిషంలో, నా కూతురి ఆటను నేనే ఆపేస్తున్నాను!

అటక ఎక్కాను. బల్ల దించి, గుడ్డ విప్పి, దుమ్ము తుడిచి దాని ముందు పెట్టాను. "మద్దెల ఓడే తల్లీ. ఓడు చేసింది నేనే" అన్నాను. తండ్రులు పిల్లలకు క్షమాపణ చెప్పడం మన ఇళ్లలో అలవాటు లేదు. మాట తడబడింది. అది మాత్రం నవ్వేసింది.

మా మేనల్లుడు వెళుతూ వెళుతూ రౌటరులో ఆట పొట్లాలకు ముందు వంతు ఇచ్చే ఏర్పాటు చేశాడు. లాకు దగ్గర ఉత్తరాల పడవను ముందు వదలడం లాంటిదే. "ఇవన్నీ తీగ వున్నప్పటి కష్టాలు మావయ్యా. అసలు లేనప్పటివి మేం చూశాం" అన్నాడు. కోనసీమలో మోరి గ్రామానికి 2016లోనే ఇంటింటికీ గాజుతీగ వచ్చిందని గొప్పగా చెప్పుకొన్నాం. 2022 మేలో అమలాపురం అల్లర్ల తరువాత ఆ సీమలోనే ఇంటర్నెట్టు రోజుల తరబడి ఆపేశారు. ఆటలమాట దేవుడెరుగు, ఇంటినుంచి ఉద్యోగం చేసే పిల్లలు లాప్‌టాపులు పట్టుకొని సిగ్నలుకోసం గోదావరి దాటి వెళ్లారు. తీగ వదులైతే బిగించుకోవచ్చును. తీగే మూగబోతే మనిషి రేవుకు నడవవలసిందే.

తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. పిల్లలు 'ల్యాగ్' అనగానే నమ్మమనీ అనను, నమ్మవద్దనీ అనను. తట్టి చూడండి. పది నిమిషాల పని.

పోయిన నెలలో మళ్లీ పోటీ జరిగింది. నేను నా ఫోను వైఫైనుంచి తప్పించి, వీధి అరుగు మీద కూర్చున్నాను. గంట తరువాత అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమ్మా?"

"ఓడిపోయాను నాన్నగారూ. మద్దెల బాగానే వుంది. నేనే మంత్రిని చూసుకోలేదు" అంది.

ఆ ఓటమి నాకు ఎంత సంతోషాన్ని ఇచ్చిందో చెప్పలేను.