చేతికి అందిన అణువు

ప్రోటీన్ అణువు నిలకడగా ఉండదు. అందులోని వందల, వేల పరమాణువులు ఒకదాన్నొకటి లాగుతూ, నెడుతూ క్షణక్షణం దాని ఆకారం మార్చేస్తుంటాయి. మందు పనిచేయాలంటే ఆ కదిలే ఆకారంలో సరైన సందు చూసుకుని కూర్చోవాలి. పుస్తకంలో బొమ్మ గీస్తే ఆ లోతు పోతుంది. 1958లో మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ నిర్మాణాన్ని తొలిసారి వెల్లడించిన శాస్త్రవేత్త జాన్ కెండ్రూ, తర్వాత నిలువు కడ్డీలు పాతి, వాటికి రంగు క్లిప్పులు తగిలించి పెద్ద నమూనా కట్టించింది అందుకే. ఆ నమూనాకు లోతు వచ్చింది, కదలిక మాత్రం రాలేదు.

ఆ కదలికను 2018లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ గ్లోవాకి బృందం వర్చువల్ రియాలిటీతో చేతికందించింది. పరమాణువుల మధ్య బలాలను కంప్యూటర్ ఎప్పటికప్పుడు లెక్కగడుతుంటుంది. హెడ్‌సెట్ పెట్టుకున్నవారు కంట్రోలర్‌తో ఒక పరమాణువును పట్టి లాగితే, అణువు భౌతిక నియమాల ప్రకారమే వంగుతుంది, ఎదురు లాగుతుంది. మీథేన్‌ను నానోగొట్టంలోంచి పంపడం, హెలిసీన్ అణువు మెలికను రెండోవైపు తిప్పడం, చిన్న ప్రోటీన్ గొలుసుకు ముడి వేయడం వంటి పనులను మౌస్‌తో, టచ్‌స్క్రీన్‌తో కూడా చేయించి పోల్చారు. మూడు దిక్కుల్లోనూ చెయ్యి తిరగాల్సిన పనుల్లో వర్చువల్ రియాలిటీ స్పష్టంగా వేగంగా సాగింది. నాకు ఇందులో ముడి పరీక్షే ముఖ్యంగా తోస్తుంది. ఏ కొసను ఎటు తిప్పి ఎక్కడ దూర్చాలో చదివి తెలుసుకోవడం కష్టం, చెయ్యి పెడితే తెలుస్తుంది. సంక్లిష్ట వ్యవస్థను అర్థం చేసుకోవడంలో ఒక భాగం దాన్ని కదిపి, అదెలా ఎదురు తిరుగుతుందో చూడటమే.

ఇదంతా ఆర్భాటమేనని, చదువుకు ఒరిగేదేమీ లేదని అనేవారికీ గట్టి ఆధారం ఉంది. 2019లో మక్రాన్‌స్కీ, టెర్కిల్డ్‌సెన్, మేయర్ అనే పరిశోధకులు 52 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులతో ఒక ప్రయోగశాల పాఠాన్ని మామూలు తెర మీదా, హెడ్‌సెట్‌లోనూ చేయించారు. హెడ్‌సెట్‌లో అక్కడే ఉన్నామన్న భావన పెరిగింది, నేర్చుకున్నది తగ్గింది, మెదడు మీద భారం ఎక్కువైంది. ఈ ఫలితాన్ని నేను కొట్టిపారేయను. అయితే చదివి, విని తెలుసుకోగలిగిన పాఠానికి చుట్టూ ఒక లోకాన్ని కడితే దృష్టి చెదరడం సహజమే. పైగా పరోంగ్, మేయర్ 2018లో చేసిన అధ్యయనంలో, ఇలాంటి పాఠాన్ని భాగాలుగా ఆపి, ప్రతి భాగం తర్వాత సారాంశం రాయించినప్పుడు వర్చువల్ రియాలిటీతో నేర్చుకోవడం మెరుగైంది. అంటే లోపం పరికరంలో కన్నా దాన్ని వాడే తీరులో ఎక్కువ ఉంది. తల తిరుగుడు, ఖర్చు కూడా నిజమైన ఇబ్బందులే. అందుకే ప్రతి పాఠానికీ హెడ్‌సెట్ అక్కర్లేదు.

మీ పిల్లల బడి హెడ్‌సెట్లు కొంటామంటే, పిల్లలు వాటితో ఏం చూస్తారని కాదు, చేత్తో ఏం కదుపుతారు, తర్వాత ఏం రాస్తారు అని అడగండి.