పరంగి పండు మనదైంది.. మరి యాపిల్?

బళ్లారి: వానలు మొదలైతే చాలు, ఊరి బయట రోడ్ల పక్కన మొక్కల లారీలు దిగుతాయి. గోదావరి జిల్లాల్లోని కడియం నర్సరీల మొక్కలంటే మన ఊళ్లో గిరాకీ ఎక్కువే. ఒకప్పుడు గులాబీ, మల్లె, కొబ్బరి అడిగేవాళ్లు. ఇప్పుడు ముందు వరుసంతా పండ్ల మొక్కలదే. యాపిల్, రాంబుటాన్, డ్రాగన్, వాటర్ యాపిల్, లక్ష్మణఫలం, మిరాకిల్ ఫ్రూట్.. నల్ల కవరులో రెండడుగుల మొక్క, కొమ్మకు వేలాడే రంగుల బొమ్మ. బొమ్మలో కాయలు చూస్తే చెయ్యి జేబులోకి పోవాల్సిందే.

రెండేళ్ల కిందట మా ఇంట్లోనూ అదే జరిగింది. ఓ బండి దగ్గర 450 రూపాయలకు యాపిల్ మొక్క తెచ్చాను. ‘కొంటే కొన్నావు గానీ నాయనా, ఎండాకాలం దీనికి నీళ్లెవురు పోస్తారు?’ అంది అమ్మ. మిద్దె మీద సిమెంటు తొట్టిలో పెట్టాం. ఫిబ్రవరిదాకా పచ్చగానే ఉంది. మార్చిలో ఆకు అంచులు మాడాయి. ఏప్రిల్ చివరికి పుల్ల మిగిలింది.

అదే గోడకు అవతల, పక్కింటి అజ్జి పెరట్లో అంజూర చెట్టు మాత్రం ఆ ఎండలోనూ కాయలతో ఉంది. దానికి పెట్టుబడి పైసా లేదు. ఎవరింట్లోనో విరిచి తెచ్చిన కొమ్మ. ‘నీరు నోడి గిడ హచ్చబేకప్పా’ అంది అజ్జి మా పుల్లను చూసి. నీళ్లు చూసుకుని మొక్క పెట్టాలన్న మాట. కన్నడంలో చెప్పినా తెలుగులో చెప్పినా మన బళ్లారి సీమలో పెరటి తోటకు లెక్క ఇదే.

పేరులోనే పరాయితనం

కొత్త పండ్లు వద్దని కాదు. అసలు మన పెరట్లో పాతవనుకునేవాటిలో సగం ఒకప్పుడు కొత్తవే. బొప్పాయిని ఇక్కడ కన్నడిగులు పరంగి హణ్ణు అంటారు, వాళ్లతో కలిసి మనమూ పరంగి పండనే అంటాం. పరంగి అంటే ఫిరంగి, అంటే ఐరోపావాడు. సముద్రం దాటి తెల్లవాళ్లతో వచ్చిన పండని పేరే సాక్ష్యం చెబుతోంది. సీమచింత సంగతీ అంతే. ‘సీమ’ అన్నది ఇక్కడ రాయలసీమ కాదు, పరదేశం. చెట్టు పుట్టిల్లు మెక్సికో వైపు. జామ, సపోటా కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం సైతం అటువైపుదేనని వృక్షశాస్త్రం చెబుతోంది.

1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల హంపీని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేజ్ ఇళ్ల మధ్య తోటల గురించి ముచ్చటగా రాశాడు. నిమ్మ, నారింజ, ద్రాక్ష, దానిమ్మ, మామిడి, పనస.. ఇవీ ఆయన చెప్పిన పండ్లు. జామ, పరంగి ఆ వరుసలో కనిపించవు. ఐదొందల ఏళ్లలో అవి మన చుట్టాలైపోయాయి. డ్రాగన్ ఫ్రూట్‌కు 2021లో గుజరాత్ ప్రభుత్వం ‘కమలం’ అని పేరు పెట్టింది. ఇంకో వందేళ్లకు అది కూడా మన పండే అంటారేమో!

అయితే వచ్చినవన్నీ నిలవలేదు. ఇక్కడి ఎండకు, ఇక్కడి మట్టికి తట్టుకున్నవే ఉండిపోయాయి.

మట్టికి వెనిగర్ పరీక్ష

బళ్లారిలో ఏడాదికి పడే వాన 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. గుట్టల చుట్టుపక్కల ఎర్ర గరుసు నేల దొరుకుతుంది. మోకా, సిరుగుప్ప వైపు పోతే నల్లరేగడి. దాంట్లో సున్నం పాలు ఎక్కువ. మీ పెరటి మట్టి ఎలాంటిదో తెలుసుకోవాలంటే చిన్న పని చేయండి. గుప్పెడు పొడి మట్టి తీసుకుని దానిమీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుస్సుమని బుడగలొస్తే సున్నం ఉన్నట్టే. సరిగ్గా తెలుసుకోవాలంటే మట్టి పరీక్ష చేయించుకోవాలి. దగ్గరి రైతు సంపర్క కేంద్రంలోనో, రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడిచే హగరి కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడిగితే దారి చెబుతారు.

సున్నపు నేలలో ఇనుము ఉన్నా మొక్క వేరు దాన్ని పీల్చుకోలేదు. కొత్త ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుప ఖనిజం లారీల ఎర్ర దుమ్ము తిన్న ఊళ్లో మొక్కకు ఇనుము అందకపోవడమంటే నవ్వొస్తుంది గానీ, జరిగేది అదే. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపూట ఆకులమీద చల్లితే నిమ్మ, జామలాంటివి కోలుకుంటాయి. మిరాకిల్ ఫ్రూట్, బ్లూబెర్రీలకు మాత్రం ఇది చాలదు. అవి పులుపు నేల కోరే మొక్కలు. రాంబుటాన్, మాంగోస్టీన్‌కు గాలిలో తేమ కావాలి. మంగళూరు వైపు చక్కగా కాస్తాయి. బళ్లారి వడగాలికి వాటిని అప్పగించడం పాపమే.

నీళ్ల విషయానికొస్తే, మన ఊరికి తుంగభద్రే దిక్కు. ఎండాకాలం కాలువ కట్టేశాక కొళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు పెట్టుకుని కూర్చునే ఇళ్లు ఎన్ని లేవు! 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు అటు అనంతపురం, కర్నూలు, ఇటు బళ్లారి, కొప్పళ, రాయచూరు అన్నీ ఒకేసారి ఉలిక్కిపడ్డాయి. అలాంటిచోట తాగే నీళ్లు మొక్కకు పోయాలంటే ఏ ఇల్లాలికైనా చెయ్యి రాదు. దాంతో చాలామంది మేం చేసిన తప్పే చేస్తారు. నీళ్లు శుద్ధి చేసే మిషన్ వదిలేసే నీళ్లను మొక్కలకు పోస్తారు. బోరు నీళ్లలో ఉన్న ఉప్పంతా ఆ వదిలేసిన నీళ్లలోకే చేరుతుంది. తొట్టిలో రోజూ అవే పోస్తే మట్టి ఉప్పు మడి అవుతుంది. మా యాపిల్ ఆకు అంచులు మాడింది ఎండకొక్కదానికే కాదని తర్వాత తెలిసింది. ఆ నీళ్లతో వాకిలి కడుక్కోవచ్చు. మొక్కకు బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, సబ్బు లేని స్నానం నీళ్లు మేలు.

పాతవాళ్ల కుండ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. రంగు పూయని మట్టికుండను మొక్క పక్కన మెడదాకా పూడ్చి, నీళ్లు నింపి మూత పెడితే అడుగు నుంచి నెమ్మదిగా ఊరుతుంది. పాదులో ఎండుటాకులో, వేరుశనగ పొట్టో నాలుగు వేళ్ల మందం పరిస్తే తడి నిలుస్తుంది.

‘బళ్లారి’ పేరున్న పండు

అంజూర దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ఇది మన ఊరి పేరు పెట్టుకున్న పండు. ఉద్యాన పుస్తకాల్లో పుణె రకంతో పాటు ‘బళ్లారి’ రకం అని వేరే చెబుతారు. పుట్టుక పశ్చిమాసియా. ఎండ, పొడి గాలి, సున్నం ఉన్న నేల.. మిగతా మొక్కలు ఏవి చూసి భయపడతాయో అవన్నీ దీనికి ఇష్టమే. మర్రి, రావి, మేడి కుటుంబమే గనక పువ్వు బయటికి కనిపించదు, కాయలోపలే ఉంటుంది. మేడికి కందిరీగలాంటి చిన్న పురుగు లోపల దూరితేగానీ గింజ కట్టదు. మనం పెంచే అంజూరకు ఆ అవసరం లేదు. ఇంట్లో ఒక్క చెట్టున్నా కాస్తుంది.

పెన్సిలుకన్నా లావున్న ముదురు కొమ్మను జానెడు తీసుకుని, మూడొంతుల్లో రెండొంతులు మట్టిలో గుచ్చితే నెలన్నరలో చిగురేస్తుంది. రెండో ఏడో మూడో ఏడో కాయలు. ఏటా ఓసారి కొమ్మలు కత్తిరించాలి, కొత్త చిగురు మీదే కాయలొస్తాయి. సంపుకు, నీళ్ల పైపులకు కనీసం పదడుగుల దూరంలో పెట్టండి. దీని వేర్లు తడిని వెతుక్కుంటూ పోతాయి. అజ్జి ఇంట్లో పాత బచ్చలి కాలువ పగిలింది ఇలాగే. కోసేటప్పుడు కారే పాలు చర్మానికి తగిలితే దురద, పిల్లల్ని దూరంగా ఉంచాలి.

దీని శత్రువు ఎండ కాదు, ముసురు. వానాకాలం ఆకు అడుగున తుప్పులాంటి పొడి కనిపిస్తే ఆ ఆకులు ఏరి దూరంగా పారేయాలి, చెట్టు కింద వదలకూడదు. ఇక పండింది మనకంటే ముందు పిట్టలకు తెలుస్తుంది. పచ్చిగా కోసి మగ్గబెడదామంటే మామిడిలా మగ్గదు, చెట్టుమీదే మెత్తబడాలి. అజ్జి పాత దోమతెర కప్పేది. అయినా గోరింకలకు వాటా పోయేది. ‘అవక్కూ బేకల్లా’ అనేది. వాటికీ కావాలి కదా అని.

రేగు, కలివి, దానిమ్మ..

వేసవి నీళ్లు అసలు అక్కర్లేని చెట్టు కావాలా? రేగును మించింది లేదు. ఎండలు ముదిరితే ఆకు రాల్చి నిద్రపోతుంది. అప్పుడే కొమ్మలు నరకాలి. వానకు లేచి, చలికాలంలో కాస్తుంది. దిబ్బమీద తానే మొలిచిన నాటు రేగుకు ఉమ్రాన్ లాంటి పెద్దకాయ రకాన్ని మొగ్గ అంటు కట్టించుకుంటే సరి.

ప్రహరీ లేని స్థలమైతే కలివి కంచె వేయండి. కోస్తావాళ్ల వాక్కాయ, ఇక్కడి కన్నడంలో కవళి హణ్ణు. ముళ్లకు మేక కూడా రాదు. పచ్చికాయ పప్పులోకి, ఊరగాయకు బాగుంటుంది. కడప లంకమల అడవిలో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడికి ఆ పేరు ఈ పొదల వల్లే వచ్చిందంటారు.

సీతాఫలం పూత మే ఎండకు రాలిపోతే బెంగపడొద్దు. వాన పడి గాలిలో తేమ పెరిగాక వచ్చే పూతే నిలుస్తుంది. బాలానగర్ రకం నమ్మకమైనది. పరంగి అయితే గుంతకు మూడు నారు పెట్టి, పూత చూశాక కాయనిచ్చే మొక్కను ఉంచి మగవాటిని తీసేయాలి.

దానిమ్మ మన వాతావరణానికి సరిపోయేదే, కానీ జాగ్రత్త కావాలి. ఒకరోజు నీళ్లు పోసి పదిరోజులు మరిచిపోతే కాయ పగులుతుంది. పురుగు తొలవకుండా నిమ్మకాయంత ఉన్నప్పుడే కాయకు గుడ్డ సంచి కట్టాలి. అసలు భయం బ్యాక్టీరియా మచ్చ తెగులు. 2000 తర్వాత సరిహద్దుకు రెండువైపులా తోటలకు తోటలే పీకించింది అదే. కాయమీద నల్లమచ్చ నెర్రెలిస్తే కోసి కాల్చేయడమే.

కొత్తవాటిలో డ్రాగన్ ఫ్రూట్‌కు ఓటేయొచ్చు. ఎంతైనా కళ్లి జాతి. సిమెంటు స్తంభం, ఎండాకాలం పైన పచ్చ నెట్ ఉంటే బతుకుతుంది. పువ్వు రాత్రిపూట విచ్చుకుని తెల్లారితే వాడిపోతుంది. కాయ నిలవకపోతే రాత్రి బ్యాటరీ లైటు పట్టుకుని బ్రష్‌తో పుప్పొడి అద్దాల్సి ఉంటుంది. ఈ సరదా ఉన్నవాళ్లకే అది.

యాపిల్‌నూ పూర్తిగా కొట్టిపారేయలేం. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తక్కువ చలికి కాసే హెచ్ఆర్ఎంఎన్-99 రకాన్ని తయారుచేశారు. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మైదాన ప్రాంతాల్లో కాయలు చూసినవాళ్లున్నారు. మేం కొన్నది ఆ రకమో కాదో! కవరుకు బొమ్మ ఉంది గానీ రకం పేరు లేదు. కొనేముందు రకం పేరు, అంటు మొక్కో గింజ మొక్కో అడగండి. అంటు అయితే కాండం కింద అతుకు కనిపిస్తుంది.

వీటితో జాగ్రత్త

స్టార్ ఫ్రూట్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముక్క కూడా తినకూడదు. అందులోని విషపదార్థాన్ని పాడైన కిడ్నీలు బయటికి పంపలేవు, మెదడుకు ప్రమాదం. లక్ష్మణఫలం ఆకు క్యాన్సర్‌కు మందని నమ్మి మొక్క కొనేవాళ్లు, కషాయం కాచేవాళ్లు మన పేటల్లోనూ ఉన్నారు. మనుషుల్లో అది క్యాన్సర్ తగ్గిస్తుందని రుజువు లేదు. రోజూ ఎక్కువగా వాడితే నరాలకు చేటని కరీబియన్ దీవుల్లో చేసిన పరిశోధనలు అనుమానించాయి. పండును పండుగా ఎప్పుడైనా తినండి, డాక్టరిచ్చిన మందు మానొద్దు.

మూడు సంచుల కొమ్మలు

అజ్జి ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్లు ముప్పై నలభై సైట్లుగా విడగొట్టి మూడంతస్తులు వేస్తారట. పెరడు ఉండదు, కారుకు చోటు కావాలి. చెట్టు కొట్టేసే ముందురోజు అజ్జి మా అమ్మను పిలిచి కత్తి చేతికిచ్చింది. ఇద్దరూ కూర్చుని కొమ్మలు తరిగారు. తడి గోనెసంచిలో చుట్టి మూడు కట్టలు కట్టారు.

ఒకటి మాకు. ఒకటి అజ్జి కొడుకుతో కొప్పళ పోయింది. మూడోది ఆలూరులో ఉన్న మా పిన్నికి. 1953 అక్టోబరుదాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం కూడా బళ్లారి జిల్లాయే. తర్వాత తాలూకాలు అటూ ఇటూ అయ్యాయి గానీ చుట్టరికాలు, విత్తనాలు ఆగలేదు. ‘దానిమ్మ కొమ్మ కూడా పంపక్కా’ అని పిన్ని ఫోన్ చేసింది. మచ్చ తెగులు భయంతో అమ్మ అదొక్కటీ పంపలేదు.

గుంతకల్లు బస్సులో సీటు కింద పెట్టిన ఆ కట్టలో ఎనిమిది కొమ్మలు. ఐదు చిగురేశాయని పిన్ని మొన్న చెప్పింది. మా ఇంట్లో యాపిల్ తొట్టి పగలగొట్టి, గోడవారన నేలలోనే రెండు గుచ్చాం. ఒకదానికి నాలుగాకులొచ్చాయి.